విజయనగరంలో సింగిల్ మాల్ట్ విస్కీ ఏ షాపులో దొరుకుద్ది?

మా మావయ్య రిటైరవుతున్నారు, మంచి బాటిల్ ఒకటి ఇద్దామని కోట దగ్గర్నుంచి కంటోన్మెంట్ దాకా తిరిగాను, ఎక్కడ చూసినా 99 రూపాయల క్వార్టర్లే, అమృత్ విస్కీ ఉందా అంటే కౌంటర్లో కుర్రాడు అదేటండీ అన్నాడు.

రిప్లై: 2019లో గవర్నమెంట్ షాపులొచ్చాక ఇచ్చిందే పట్టుకెళ్ళాల్సొచ్చేది గురూ, 2024 అక్టోబర్లో ప్రైవేటుకిచ్చాక చాలా నయం. రింగ్ రోడ్డులో నేను కొనే షాపాయన మంచివన్నీ పై అరలో, అట్టపెట్టెల్లోనే ఉంచుతాడు, కిందనుంచి కనపడవు, ఓపిగ్గా దింపి చూపిస్తాడు, అడగాలంతే.

ఇంకో రిప్లై: నకిలీది కాకుండా మూత మీద హోలోగ్రామ్ స్టిక్కర్ చూసుకోండి. అమృత్ బెంగళూరుది, పాల్ జాన్ గోవాది, రెండూ బాగుంటాయి, కానీ పీటెడ్ అని రాసుంటే పొగ వాసనొస్తుంది, మావయ్యగారికి అలవాటు లేకపోతే అది వద్దు.

థాంక్స్ అన్నా, సాయంత్రమే రింగ్ రోడ్డుకెళ్తా.