ఉదయ్‌పూర్‌లో పెండ్లి: కెమెరావాళ్లను నల్లగొండ నుంచి తీసుకెళ్లాలా, అక్కడే మాట్లాడుకోవాలా?

పెండ్లికూతురి అన్న, నల్లగొండ
మాఘమాసంలో మా చెల్లె పెండ్లి. ఉదయ్‌పూర్‌లో, పిచోలా సరస్సు ఒడ్డున. లగ్గం రాత్రిపూట. మన ఊరి కెమెరావాళ్లే రావాలని నాన్న పట్టుబట్టారు. అబ్బాయివాళ్లేమో అక్కడి టీమ్‌నే పెడదామంటున్నారు. మనవాళ్లయితే నలుగురి విమాన టికెట్లు, రూములు మా మీదే పడతాయి. మీరైతే ఏం చేస్తారు?

వీడియోగ్రాఫర్, మిర్యాలగూడ
మీ నాన్నగారి మాట వినండి తమ్మీ. మన పెండ్లిలో అసలు ఘడియ జీలకర్ర బెల్లం. అడ్డుతెర ఉండగానే ఒకరి తలమీద ఒకరు పెడతారు, తెర దిగగానే ఒకరినొకరు చూసుకుంటారు. దానికి రీటేక్ లేదు. పంతులు గారు బాజావాళ్లకు చెయ్యెత్తకముందే కెమెరా తన చోట్లో ఉండాలి. పుస్తె కట్టేటప్పుడు ఇంకా కష్టం. అక్షింతలు పట్టుకుని జనం మండపాన్ని కమ్మేస్తారు, ముందే లోపల నిలబడనివాడికి వీపులే దొరుకుతాయి. ఉత్తరాది పెండ్లిళ్లు తీసేవాళ్ల చూపు వరమాల మీద, అగ్ని చుట్టూ తిరిగే ఫేరాల మీద ఉంటుంది. మన తంతులో ఏది ఎప్పుడొస్తుందో వాళ్లకు ఎలా తెలుస్తుంది?

పెండ్లి ఏర్పాట్లు చూసే అక్క, మహబూబ్‌నగర్
అన్నా, తంతు ముందురోజు కూర్చుని చెప్పొచ్చు. ఆ ఊరి వెలుతురును ఎలా చెబుతారు? సిటీ ప్యాలెస్ సరస్సుకు తూర్పు ఒడ్డున ఉంది. పొద్దు నీళ్ల అవతల, ఆరావళి కొండల వెనక దిగుతుంది. ఆ రోజుల్లో సూర్యాస్తమయం సాయంత్రం ఆరు దాటాక, కానీ కొండల వల్ల ఎండ ఇంకా ముందే పోతుంది. మేకప్ ఒక అరగంట ఆలస్యమైతే సరస్సు దగ్గర జంట ఫొటోలు పోయినట్టే. జగ్ మందిర్ ప్యాలెస్ సరస్సు మధ్యలో ఉంది, సామానంతా పడవలోనే. 1651లో కట్టిన జగదీశ్ ఆలయం చుట్టూ సందులు ఇరుకు, కారు ఎక్కడ ఆపాలో కూడా అక్కడివాళ్లకే తెలుసు.

డ్రోన్ సంగతి కూడా చూడండి. 2021 డ్రోన్ నియమాల ప్రకారం ఆకాశం ఆకుపచ్చ, పసుపు, ఎరుపు జోన్లుగా ఉంటుంది. పసుపులో ఎగరేయాలంటే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ అనుమతి, ఎరుపులో కేంద్రం అనుమతి కావాలి. ప్యాలెస్ హోటల్ వాళ్ల ఒప్పుదల దానికి అదనం. మన దగ్గర పొలాల మీద ఎగరేసినట్టు అక్కడ కుదరదు.

ఒక చెల్లె, దేవరకొండ
మా పెద్దమ్మ కూతురి పెండ్లి రాజస్థాన్‌లోనే అయింది. అక్కడి టీమే తీసింది. వీడియోలో కోట ఉంది, దీపాలున్నాయి, పైనుంచి తీసిన షాట్లున్నాయి. మా నానమ్మ అక్షింతలు వేస్తున్న దృశ్యం మాత్రం అందులో లేదు. ఆమె ఇప్పుడు లేదు. ఆ వీడియో పెట్టిన ప్రతిసారీ మా పెద్దమ్మ లేచి వెళ్లిపోతుంది. డబ్బు లెక్క చూసేవాళ్లు దీన్నీ లెక్కలో వేసుకోండి.

పెండ్లి ఏర్పాట్లు చూసే అక్క, మహబూబ్‌నగర్
బాధగా ఉందమ్మా. కానీ నానమ్మ ఎవరో వాళ్లకు చూపించినవాళ్లు ఉన్నారా? ఇంటి మనుషుల ఫొటోలతో ఒక జాబితా ఇచ్చి, మేనమామ, మేనత్త, ఆడబిడ్డ ఎవరో చెప్పే ఒక పిల్లను కెమెరా పక్కనే నిలబెట్టాలి. నేను పెట్టుకునే షరతు అదే.

వీడియోగ్రాఫర్, మిర్యాలగూడ
పక్కన నిలబడ్డ పిల్ల చెప్పేలోపు మూడు ముళ్లూ పడిపోతాయి అక్కా. ఈ ఒక్క విషయంలో నేను తగ్గను. వెలుతురు గురించి మీరన్నది మాత్రం నిజం, అందుకే మనవాళ్లు ఒకరోజు ముందే అక్కడ దిగి, అదే వేళకు అదే ఒడ్డున నిలబడి చూసుకోవాలి.

చలి మాట ఎవరూ ఎత్తలేదు. రాత్రి చలిలో బయట తిరిగిన కెమెరాను వెచ్చని హాల్లోకి తెస్తే లెన్స్ మీద ఆవిరి పడుతుంది. లోపలికి రాకముందే బ్యాగులో పెట్టి జిప్ వేసి, కాసేపాగి తీయాలి. బ్యాటరీలూ తొందరగా దిగిపోతాయి, రెట్టింపు పట్టుకెళ్లండి. విడి బ్యాటరీలు చెక్-ఇన్ లగేజీలో వేయనివ్వరు, చేతిబ్యాగులోనే పెట్టాలి. బ్యాటరీ మీద రాసి ఉండే సామర్థ్యం 100 వాట్-అవర్ దాటితే ఎయిర్‌లైన్ అనుమతి ముందే తీసుకోవాలి.

తమ్మీ, నలుగురి ఖర్చు బరువైతే ఇద్దరిని పంపండి, మండపంలో తీసే పని ఆ ఇద్దరికే వదిలేయండి. డ్రోన్, సరస్సు దగ్గరి ఫొటోలు అక్కడివాళ్లకు ఇవ్వండి. డ్రోన్ నడిపేవాడి పైలట్ సర్టిఫికెట్ కళ్లతో చూడండి.

పెండ్లికూతురి అన్న, నల్లగొండ
నాన్నకు ఇది చదివి వినిపించాను. నానమ్మ సంగతి విన్నాక ఇద్దరు కాదు, ముగ్గురిని పంపుదామన్నారు. అబ్బాయివాళ్లతో రేపు మాట్లాడతాం. అక్కడి టీమ్‌తో ఒప్పందంలో ఏం రాయించుకోవాలి?

పెండ్లి ఏర్పాట్లు చూసే అక్క, మహబూబ్‌నగర్
ప్రతి కెమెరా రెండు మెమరీ కార్డుల్లో ఒకేసారి రికార్డ్ చేయాలి. ఎడిట్ చేయని ఫుటేజ్ మొత్తం మీరు ఊరు కదిలేలోపు మీ హార్డ్ డిస్క్‌లో పడాలి. చివరి వాయిదా ఆ తర్వాతే ఇవ్వండి.