సమస్య: "సూది మూయగానె చుక్క కారె"

నిర్వాహకుడు: ఈ వారం ఆటవెలది. ఇచ్చిన సమస్య నాలుగో పాదం, మిగతా మూడు పాదాలూ మీరు పూరించాలి. సూది గుచ్చుతుంది గాని మూయదు. ఒకవేళ మూస్తే చుక్క కారకూడదు. ఈ రెండు చిక్కులూ విడదీయాలి. పాత బండ్ల సంగతి అయితే మరీ మంచిది, ఇక్కడ షెడ్డు వాసన తెలిసినవాళ్లు చాలామందే ఉన్నారు కదా.

తెల్ల అంబాసిడర్: నా గోడే పద్యంగా పెడుతున్నాను. నాది అంబాసిడర్ కారు, 1489 సీసీ ఇంజను, ఎస్యూ హెచ్‌ఎస్2 కార్బొరేటర్. ఇంజనుకు పెట్రోలూ గాలీ కలిపి ఇచ్చేది ఇదే. దీని గిన్నె (బౌల్) నిండగానే తేలే డబ్బి (ఫ్లోటు) లేచి, సూది (నీడిల్)తో పెట్రోలు దారి మూస్తుంది. మొత్తం విప్పి, కడిగి, కొత్త విడిభాగాల కిట్టు వేసి బిగించాను.

కొత్త కిట్టు వేసి కూర్చితి నెస్యూను
పంపు కొట్టి నింపఁ బాత్ర నిండె
తేలు డబ్బి లేచి తెప్పలా నిలిచెను
సూది మూయగానె చుక్క కారె

బడిపంతులు: గణాలు, యతులు సరే. "నెస్యూను"లో "స్యూ" ముందరి "నె" గురువై తగణం కుదిరింది, భేష్. కానీ ఇది పూరణ కాదండీ, వర్ణన. ఎందుకు కారిందో చెప్పందే సమస్య సమస్యగానే మిగిలిపోతుంది.

తెల్ల అంబాసిడర్: అది తెలిస్తే ఇక్కడికెందుకు వస్తాను మాస్టారూ!

షెడ్డు కవి: అన్నా, ముందు బ్యాటరీ వైరు తీసెయ్. ఈ ఇంజనులో కార్బొరేటర్ ఉన్న వైపే కిందుగా వేడి పొగ బయటికి పోయే గొట్టం, ఎగ్జాస్టు మానిఫోల్డు, ఉంటుంది. వేడి మీద పెట్రోలు పడితే పద్యం రాయడానికి బండి మిగలదు. ఇంతకీ తడి మొదట ఎక్కడ కనబడింది?

బడిపంతులు: ఆయన జవాబు వచ్చేలోగా నాదొకటి. బండి లేదు, మన్నించాలి.

సూదిమందు చూసి సుంత బెదరకుండ
బిగిసి యున్న బుడత పెదవి విప్పి
యమ్మ వంకఁ జూచె నంతలో నర్సమ్మ
సూది మూయగానె చుక్క కారె

నిర్వాహకుడు: సూదికి మూత, చుక్కకు కన్నీరు. రెండు ముళ్లూ విడిపోయాయి. సూది వేసినప్పుడు కాక, మూత పెట్టాక ఏడవడం పసివాళ్ల తీరే. "సుంత" ఒక్కటే యతి కోసం వచ్చి కూర్చున్నట్టుంది.

కొత్త పెట్రోలు: నా ప్రయత్నం. 2023 ఫిబ్రవరిలో ఇ20 (ఇరవై శాతం ఇథనాలు కలిపిన పెట్రోలు) వచ్చాక మా వీధిలో అందరిదీ ఇదే మాట.

ఇరువ దంశ మంట యిథనాలు కలియఁగ
పాత రబ్బ రుబ్బె మెత్తబడియె
ముక్క యొకటి యూడి మూతి కడ్డము పడ
సూది మూయగానె చుక్క కారె

బడిపంతులు: రెండో పాదంలో "పా"కు "మె" యతి చెల్లదు. "పాత రబ్బ రుబ్బి పాడువడియె" అంటే సరిపోతుంది.

షెడ్డు కవి: ఛందస్సు మాస్టారికి వదిలేస్తాను. నా అభ్యంతరం భావం మీద. సీటులో, అంటే సూది కూర్చునే మూతిలో, ముక్క అడ్డం పడితే నీడిల్ మూసుకోనే మూసుకోదు. సమస్యలో ఉన్నది "మూయగానె" కదా, "మూయఁబోవ" కాదే! అలా జరిగితే పెట్రోలు ఆగకుండా బౌల్ పొంగి, మూత మీదున్న గాలి గొట్టం నుంచి ధారగా వస్తుంది. చుక్కచుక్కగా కారదు.

తెల్ల అంబాసిడర్: చూశాను తమ్ముడూ. బయటంతా తుడిచి, టాల్కం పౌడరు చల్లి, పంపుకున్న చేతి లీవరు కొట్టాను. గాలి గొట్టం పొడిగానే ఉంది. బౌల్ అడుగున, నైలాన్ పైపు కలిసే చోట పౌడరు తడిసింది. మూత విప్పి తిరగేసి, ఫ్లోటు బరువు నీడిల్ మీద ఉండగా పెట్రోలు వచ్చే గొట్టంలో ఊదితే గాలి పోలేదు. ఫ్లోటు లీవరుకూ మూతకూ మధ్య సందు ఉండవలసిన 1/8 అంగుళమే.

షెడ్డు కవి: అయితే నీ నీడిల్ నిర్దోషి. పాపం, ఎక్కడ కారినా తిట్లు దానికే. ఇదిగో నా పూరణ:

పైన తప్పు లేదు పైపు మొదటఁ గాని
బిళ్ల రబ్బ రెండి బీట వాఱె
గిన్నె నిండ బరువు కిందికి నొత్తంగ
సూది మూయగానె చుక్క కారె

బౌల్ నుంచి జెట్టుకు (పెట్రోలు చిమ్మే సన్న రంధ్రానికి) వెళ్లే నైలాన్ పైపు మొదట్లో ఒక నట్టు, వాషరు, కారకుండా పట్టే చిన్న రబ్బరు గ్లాండు (పద్యంలో బిళ్ల అన్నది దీన్నే) ఉంటాయి. బౌల్ నిండితేనే సూది మూసుకుంటుంది, ఆ నిండు మట్టం ఒత్తిడే అడుగున గ్లాండు మీద పడుతుంది. అందుకే రెండూ ఒకేసారి. 2014లో పశ్చిమ బెంగాల్ ఉత్తరపారాలో ఈ బండి తయారీ ఆగిపోయింది. నీ కిట్టు కొట్టు అరలో ఎన్నాళ్లుందో! పొట్లం కొత్తదైనంత మాత్రాన రబ్బరు కొత్తది కాదు. గోరుతో నొక్కి చూడు, గీత పడి అలాగే ఉండిపోతే పారెయ్. కొత్తది వేసేటప్పుడు పైపు కొన గ్లాండు దాటి కనీసం 3/16 అంగుళం బయటికి ఉండాలి. లేకపోతే నట్టు బిగించినా పైపు జారుతుంది. కారుతోంది కదా అని నట్టును ఇంకా ఇంకా బిగించకు.

నిర్వాహకుడు: పూరణ అంటే ఇదీ. "మూయగానె"కు కాలం సరిపోయింది, కారణమూ దొరికింది. "గిన్నె"కు "కిందికి" యతి కూడా ఎక్కడా వెతుక్కున్నట్టు లేదు.

పాత పద్మిని: మా ఫియట్‌కు సోలెక్సు. ఆ రకం కార్బొరేటర్లో ఈ పైపే లేదు. మరి మాకెక్కడ చూడాలి?

షెడ్డు కవి: సోలెక్సులో బౌల్ కార్బొరేటర్ ఒంట్లోనే ఉంటుంది గనక ముందు పైమూత గ్యాస్కెట్ చూడండి. స్క్రూలు గట్టిగా బిగించీ బిగించీ మూత వంగిపోతుంది. గాజుపలక మీద పెడితే ఊగుతుందో లేదో తెలుస్తుంది. యాక్సిలరేటరు పంపులోని పలుచని పొర (డయాఫ్రమ్) చిరిగినా పక్కనుంచి చెమ్మ వస్తుంది.

తెల్ల అంబాసిడర్: గ్లాండు విప్పాను. గోరు గీత పడి అలాగే ఉంది. ఊళ్లో దొరకలేదు, చెన్నై నుంచి తెప్పిస్తున్నాను.

కొత్త పెట్రోలు: షెడ్డన్న మాట ఒప్పుకుని తిరగరాశాను. ఈసారి ముక్కను సీటులో పడెయ్యలేదు.

ఇరువ దంశ మంట యిథనాలు కలియఁగ
పాత రబ్బ రుబ్బి పట్టు విడిచె
గొట్ట మంటు చోటఁ గొంచెము సడలంగ
సూది మూయగానె చుక్క కారె

బడిపంతులు: ఇప్పుడు కుదిరింది.

షెడ్డు కవి: కుదిరింది గాని, అన్న గ్లాండు ఉబ్బలేదు, ఎండింది. నీ పద్యం వేరే బండిది తమ్ముడూ!