సమస్యాపూరణం: “కొట్టమే పానగోష్ఠికిఁ గుదురు గాదె”

నిర్వాహకుడు: పైది తేటగీతి పాదం, దీన్ని చివర నిలిపి పద్యం పూరించాలి. పశువుల పాకలో మందు విందు పెట్టించే పూరణలు వద్దు, మాట పుట్టుకతోనే సాధించండి. యతి కొ–గు: ద్రుతం (పదం చివరి నకారం) వల్ల ‘కుదురు’ సరళమై ‘గుదురు’ అయింది, ఒ–ఉలకు మైత్రి ఉంది. సందేహం అక్కర్లేదు.

పూరణ 1:
గోవు లుండెడి చోటునే గోష్ఠ మండ్రు
జనులు నలుగురు జేరఁగాఁ జదువు గోష్ఠి
గోష్ఠిలో మధుపాత్రలు గొలువు దీర
కొట్టమే పానగోష్ఠికిఁ గుదురు గాదె!

నిర్వాహకుడు: ఆర్యా, దారి సరిగ్గా పట్టారు. గో + స్థ = గోష్ఠం. పాణిని సూత్రం 8-3-97తో ‘స’ ‘ష’ అయింది, ఆ వెంటే ‘థ’ ‘ఠ’ అయింది. అమరసింహుడి సంస్కృత నిఘంటువు అమరకోశం ద్వితీయకాండలోనే భూమివర్గంలో గోష్ఠం ఆవుల చోటు, బ్రహ్మవర్గంలో గోష్ఠి సభకు పర్యాయం, శూద్రవర్గంలో ‘ఆపానం పానగోష్ఠికా’.

చిక్కల్లా మూడో పాదం చివర. ‘తీరన్’ ద్రుతాంతం, దాని మీద ‘కొట్టమే’ కాస్తా ‘గొట్టమే’ కావాలి. ఇచ్చిన పాదమే మారిపోతుంది! సమస్య పరుషంతో (క, చ, ట, త, ప) మొదలైతే పై పాదాన్ని కళతో, అంటే ద్రుతం లేని పదంతో, ముగించాలి. చాలామంది జారేది ఇక్కడే. ‘గూడె నయ్య’ అనండి. రెండు హగణాలూ (గురువు, లఘువు), గో–గూ యతీ నిలుస్తాయి.

పూరణ 1 కవి: సవరించాను, ధన్యవాదాలు. గోష్ఠి అంటేనే మందు కదా, ‘చదువు గోష్ఠి’ చెల్లుతుందా?

నిర్వాహకుడు: భేషుగ్గా. కామసూత్రంలో నాగరకుడి దినచర్య చెప్పే అధ్యాయంలో గోష్ఠీసమవాయం వేరు, సమాపానకం (కలిసి తాగడం) వేరు. గోష్ఠికి ముందు ‘పాన’ చేర్చాల్సి వచ్చిందీ అందుకే.

పూరణ 2:
అమరసింహుఁడు ఆపాన మనెడి మాట
పానగోష్ఠిక యని తేటపఱచె మున్ను
గోష్ఠశబ్దమ్మె యీ మాటఁ గూర్చెఁ గనుఁడు
కొట్టమే పానగోష్ఠికిఁ గుదురు గాదె!

మరో సభ్యుడు: మొదటి పాదంలో విసంధి (చేయాల్సిన సంధి చేయకపోవడం). ఉత్వసంధి నిత్యం కాబట్టి ‘సింహుఁడాపాన’ అనాలి, అంటే గణం చెడుతుంది. ‘సింహుఁడె యాపాన’ అంటే యడాగమంతో గట్టెక్కుతుంది.

నిర్వాహకుడు: అవును. ఇంకొకటి: గోష్ఠమంటే కొట్టమని పద్యం ఎక్కడా చెప్పలేదు. అది తెలియనివాడికి సమస్య విడలేదు. మొదటి పూరణ మొదటి పాదంలోనే ఆ ముడి విప్పింది. ‘కనుఁడు’ కళ గనక చివర మాత్రం మీరు జారలేదు.