వత్తు పక్కకి జరిగిపోతోంది: స్క్రీన్ మీద ఒకలాగ, ట్రేసింగ్‌లో ఒకలాగ

అడిగినవారు: పెండ్లిపత్రిక_తిరుపతి

అందరికీ నమస్కారం. తిరుపతిలో గోవిందరాజస్వామి గుడికి దగ్గర్లో మా నాయన పెట్టిన డీటీపీ షాపు ఇప్పుడు నేను చూసుకుంటా ఉన్నాను. ఎక్కువగా పెండ్లి పత్రికలే. షాపులో విండోస్ 7 సిస్టమ్, దానికి లేజర్ ప్రింటరు. ఇంట్లో మా నాయన వాడిన ఎక్స్‌పీ సిస్టమ్, పాత డబ్బా మానిటరు. రెండింట్లోనూ పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 7. రాత్రి ఇంట్లో కంపోజ్ చేసి పెన్‌డ్రైవ్‌లో తెచ్చి, పొద్దున షాపులో ట్రేసింగ్ (స్క్రీన్ ప్రింటింగు కోసం పల్చటి కాగితం మీద ప్రింటు) తీస్తాను.

మొన్న ఒక పత్రికలో "శ్రీ వేంకటేశ్వరస్వామి వారి కృపాకటాక్షములతో" అని ఒకే లైనులో పెట్టాను. ఇంట్లో చక్కగా కుదిరింది. షాపులో ఫైలు తెరవగానే ఈ ప్రింటరుకు తగ్గట్టు మళ్ళీ కంపోజ్ చేయాలా అని అడిగింది. ఎప్పుడూ అడిగేదే కదా అని ఎస్ కొట్టి, ట్రేసింగ్ తీసేశాను. పెండ్లికొడుకు తాత చంద్రగిరి నుంచి వచ్చారు. ట్రేసింగ్ కాగితాన్ని ట్యూబ్‌లైటుకి ఎత్తిపట్టి చూశారు. "కృపాకటాక్షములతో" కింది లైనుకి దిగిపోయింది. పైలైను వెడల్పంతా సాగింది. శ కింద ఉండాల్సిన వ వత్తు జరిగి, శ కీ ర కీ నడుమ వేలాడతా ఉంది. ఆయన దాని మీద గోరు పెట్టి, "స్వామి పేరు ఇట్లనేనా రాసేది అమ్మా?" అన్నారు. నాకు నోట మాట రాలేదు. నయం, స్క్రీన్ ప్రింటింగుకి ఎక్కించకముందే చూశారు.

ఇంకొకటి. ఇంటి మానిటర్లో అక్షరాలు ఒకచోట అతుక్కుని, ఒకచోట విడిగా కనిపిస్తాయి. అతుక్కున్నచోటల్లా కూర్చుని కెర్నింగ్‌తో (రెండక్షరాల నడుమ సందు మార్చే పద్ధతి) జరుపుతా వచ్చాను. ట్రేసింగ్ తీస్తే సరిగ్గా అక్కడే సందులు పడతా ఉన్నాయి. తప్పు మానిటరుదా, ఫాంటుదా, ప్రింటరుదా? ఎక్కడినుంచి మొదలుపెట్టాలో చెప్పండి.

జవాబు: పుత్తూరు_స్టూడియో

రెండు సిస్టమ్‌లలో ఒకే ఫాంటు ఫైలు ఉందేమో ముందు చూడండి అక్కా. పేరు ఒకటే ఉన్నా వెర్షన్ వేరైతే అక్షరాల వెడల్పులు మారతాయి. ఫాంట్స్ ఫోల్డర్లో ఫైలు సైజు పోల్చండి. ఎక్స్‌పీలో ఫాంటు మార్చాక కూడా పాతదే కనిపిస్తుంటే, సిస్టమ్32లో ఉండే ఎఫ్‌ఎన్‌టీక్యాష్.డాట్ ఫైలు తీసేసి రీస్టార్ట్ చేస్తే విండోస్ దాన్ని మళ్ళీ తయారు చేసుకుంటుంది.

జవాబు: పెండ్లిపత్రిక_తిరుపతి

చూశాను తమ్ముడూ, రెండుచోట్లా ఒకటే ఫైలు, సైజు కూడా ఒకటే.

జవాబు: చిత్తూరు_పాతప్రెస్సు

అయితే ఫాంటుని వదిలేయమ్మా. నీకుండేది రెండు వేరు వేరు తకరార్లు. రెండింటినీ ఒకటే అనుకోవడంతో నీ రాత్రులు పోతా ఉండాయి.

ఇంటి సిస్టమ్‌లో ఏ ప్రింటరు డ్రైవరు (ప్రింటరుని నడిపే సాఫ్ట్‌వేర్) ఉండాది? ఫైల్ మెనూలో డాక్యుమెంట్ సెటప్ తెరిచి, కింద "కంపోజ్ టు ప్రింటర్" దగ్గర ఏముందో చూడు. పేజ్‌మేకర్ లైను ఎక్కడ విరగ్గొట్టాలో ఆ ప్రింటరు లెక్కతోనే తేలుస్తుంది. షాపులో ఎస్ కొట్టినప్పుడు లేజర్ లెక్కతో మళ్ళీ లైన్లు కట్టింది. నీ లైను ఇంట్లో అంచుదాకా ఉండింటుంది, వెంట్రుకవాసి చాలక ఆఖరి మాట కిందికి పడింది.

ఇప్పుడు పైలైనులో మూడు మాటలే మిగిల్నాయి. లైను రెండు అంచులకీ తగిలేట్టు జస్టిఫై పెట్టినావు కాబట్టి ఆ ఖాళీ నింపాల. ముందు మాటల నడుమ సాగదీస్తుంది, అక్షరాల నడుమ కూడా సాగదీస్తుంది. పేరాగ్రాఫ్ స్పెసిఫికేషన్స్‌లో స్పేసింగ్ బటన్ నొక్కి చూడు. లెటర్ స్పేస్ గళ్ళలో -5, 0, 25 అని ఉంటాయి. ఇంగ్లీషు అక్షరానికి అది చెల్లుతుంది. మన పాత తరహా తెలుగు ఫాంట్లలో శ ఒక అక్షరం, వ వత్తు ఇంకో అక్షరం. వత్తుకి సొంత వెడల్పు ఉండదు, ముందు అక్షరం కిందికి వెనక్కి వచ్చి కూర్చుంటుంది. శ తర్వాత సందు పెడితే వత్తు అంత దూరం జరిగిపోతుంది. దానికి తెలుగు తెలీదు కదా, రెండక్షరాల నడుమ సందు పెట్టినాననుకుంటుంది.

మూడు గళ్ళలోనూ 0 పెట్టు. ఒక్కో పేరాకి కాకుండా, స్టైల్‌లోనే మార్చేయ్. ఆఖరి లైనుని కూడా అంచుదాకా సాగదీసే ఫోర్స్ జస్టిఫై మాత్రం తెలుగు మీద ఎప్పుడూ వాడొద్దు, ఒంటి మాట లైనైతే వత్తులన్నీ చెల్లాచెదురు.

తర్వాత, షాపు లేజర్ డ్రైవరుని ఇంటి ఎక్స్‌పీలో కూడా ఎక్కించు. ప్రింటరు తగిలించి ఉండక్కర్లేదు. కంపోజ్ టు ప్రింటర్‌లో దాన్నే ఎంచుకో. అప్పుడు లైన్లు రెండుచోట్లా ఒకేచోట విరుగుతాయి.

జవాబు: లీలామహల్_సర్వీస్

పెద్దాయన చెప్పింది నూటికి నూరుపాళ్ళు సరి. మానిటర్లో అతుక్కునే సంగతి నేను చెప్తాను. అదొక లెక్క.

విండోస్ మామూలుగా స్క్రీన్‌ని అంగుళానికి 96 చుక్కలుగా లెక్కేస్తుంది. 12 పాయింట్ల అక్షరం అంటే 16 చుక్కలు. ఒక అక్షరం వెడల్పు అందులో 0.55 వంతు అనుకోండి, 8.8 చుక్కలు రావాలి. సగం చుక్క వెలిగించడం కుదరదు, 9 చేస్తుంది. 40 అక్షరాల లైనుకి 8 చుక్కలు ఎక్కువ, అంటే సుమారు 2 మిల్లీమీటర్లు. అదే 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) లేజర్లో 12 పాయింట్లు 100 చుక్కలు, అక్షరానికి 55 కచ్చితంగా పడతాయి. లైను ప్రింటరు లెక్కలో ఉండాలి కాబట్టి, ఆ 8 చుక్కల్ని పేజ్‌మేకర్ స్క్రీన్ మీద అక్కడక్కడ మింగేస్తుంది. మింగినచోట అక్షరాలు తగులుకుంటాయి.

మీరు కెర్నింగ్‌తో సరిచేసింది ఆ మింగినచోటుని. కాగితం మీద అక్కడ అసలు తప్పే లేదు. అందుకే సందు పడింది. చేత్తో పెట్టిన కెర్నింగ్ అంతా తీసేయండి. అనుమానం వస్తే 400 శాతానికి పెంచి చూడండి. అప్పుడు 8.8 కాస్తా 35.2 అవుతుంది, తేడా నాలుగో వంతుకి దిగుతుంది. అక్కడ కూడా అతుక్కుంటేనే నిజమైన అతుకు.

వర్డ్ 2003లో చేసేవాళ్ళకి: టూల్స్, ఆప్షన్స్, కంపాటిబిలిటీలో ప్రింటర్ మెట్రిక్స్ వాడమనే టిక్ ఉంటుంది. సంగతి ఇదే.

జవాబు: పుత్తూరు_స్టూడియో

ఇదంతా ఎందుకు, అన్ని సిస్టమ్‌లలో ఒకే కోడ్‌తో నడిచే యూనికోడ్ తెలుగుకి వచ్చేయండి అక్కా. పేజ్‌మేకర్ లాంటిదే అయిన ఇన్‌డిజైన్‌లో సీఎస్6 వెర్షన్ నుంచి, అంటే 2012 నుంచే తెలుగు సరిగా పడుతుంది. శ్వ మొత్తం ఒకే గుత్తిగా ఉంటుంది, వత్తు విడిపోదు.

జవాబు: చిత్తూరు_పాతప్రెస్సు

కొత్త పనికి అట్లే చెయ్యొచ్చు నాయనా. వాళ్ళ నాయన చేసిన పత్రికలన్నీ పాత ఫాంటులోనే ఉంటాయి. పేజ్‌మేకర్‌కి యూనికోడ్ తెలుగు రాదు. మార్చాలంటే కన్వర్టరుకి ఇచ్చి అక్షరం అక్షరం ప్రూఫు చూడాల. మాఘమాసం ముహూర్తాలు నెత్తిన పెట్టుకుని చేసే పని కాదది.

జవాబు: పెండ్లిపత్రిక_తిరుపతి

పెద్దాయనా, ఇంటి సిస్టమ్‌లో ఉన్నది డాట్ మాట్రిక్స్ డ్రైవరు! మా నాయన బిల్లుల కోసం ఎప్పుడో వేసుకున్నది. నిన్న రాత్రి లేజర్ డ్రైవరు ఎక్కించి దానికే కంపోజ్ పెట్టాను. వెంటనే ఇంటి స్క్రీన్ మీదే "కృపాకటాక్షములతో" కిందికి దిగింది. ఇన్నాళ్ళూ షాపులో చూసింది ఇంట్లోనే కనబడింది. పాయింటు సైజు 18 నుంచి 17.5కి తగ్గించాను, లైను పట్టింది. లెటర్ స్పేస్ మూడు గళ్ళలో 0 పెట్టి, కెర్నింగ్ మొత్తం తీసేశాను. ప్రిఫరెన్సెస్‌లో లూజ్, టైట్ లైన్లు చూపించే టిక్ కూడా పెట్టుకున్నాను, సాగిన లైను మీద రంగు పూసి చూపిస్తా ఉంది.

పొద్దున షాపులో తెరిస్తే కంపోజ్ చేయాలా అని అడగనే లేదు. ట్రేసింగ్‌ని ట్యూబ్‌లైటుకి పట్టి నేనే చూశాను. వ వత్తు శ కిందే ఉంది. తాతకి ఫోన్ చేశాను, సాయంత్రం వచ్చి చూసి సంతకం పెడతానన్నారు.