వేపచెట్టు నీడలో అడవి పూలమొక్కలు: ఏవి నిలుస్తాయి?

ప్రశ్న (గుంటూరు):
పెద్ద వేపచెట్టు కింద 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు జాగా ఉంది. పొద్దున రెండు గంటలే ఎండ. మట్టి నల్లరేగడి, బోరు నీళ్లే దిక్కు. నాభి (అగ్నిశిఖ అనే దుంప తీగ), కనకాంబరం, డిసెంబరాలు పెంచాలని ఉంది. పెట్టిన కనకాంబరాలకు లేత ఆకులు పసుపు తిరిగి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటున్నాయి. ఏం చేయాలండీ?

జవాబు:
ముందు పలుగు పక్కన పెట్టండి. జాగా అంతా తవ్వితే వేప వేళ్లు తెగుతాయి, పోసిన కొత్త మట్టిలోకి మళ్లీ అవే దూరతాయి. మొక్క పెట్టే చోటే జానెడు గుంట తీయండి. తీసిన మట్టి రెండు పాళ్లు, మాగిన పశువుల ఎరువు ఒక పాలు, ఆకు ఎరువు ఒక పాలు. గుప్పెడు ఇసుకతో రేగడి మారదు, ఆ ఖర్చు వద్దు. గుంట పైన మూడంగుళాలు బోదెలా ఎత్తు చేయకపోతే వానాకాలం నీళ్లు నిలిచి వేరు కుళ్లుతుంది. వేప మొదలుకు మాత్రం మట్టి ఎగదోయకండి. రాలిన ఆకులు తగలబెట్టకుండా రెండంగుళాల మందాన పరవండి. జూన్ చివర్లో, నేల బాగా తడిశాక నాటండి. డిసెంబరాలకు రెండడుగుల ఎడం, కనకాంబరాలకు అడుగు. డిసెంబరాలు పూత అయ్యాక, ఫిబ్రవరిలో సగానికి కత్తిరించాలి.

మరో జవాబు:
ఆ పసుపు రంగు ఇనుము లోపం. రేగడిలో సున్నం ఎక్కువైతే ఇనుము ఉన్నా వేరుకు అందదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మఉప్పు కలిపి సాయంత్రం పూట ఆకులపై కొట్టండి, వారం తేడాతో మూడుసార్లు. కొత్త చిగురు పచ్చగా రాకపోతే ఒక మొక్క పీకి చూడండి. వేళ్లకు బుడిపెలుంటే అది వేళ్లలో చేరే సన్నటి నులిపురుగుల పని, ఇక ఏ పిచికారీ పనిచేయదు. ఆ చోట కనకాంబరం మానేయండి. ఆకు అంచులు మాడుతుంటే అది బోరు నీళ్ల ఉప్పు. దానికి అన్నభేది మందు కాదు, వాననీరు పట్టుకోవడమే.

మరో జవాబు:
నాభి నడినీడలో తీగ సాగుతుంది గానీ పూయదు. చెట్టు గొడుగు అంచున, మొదలుకు నీడ, తలకు ఎండ ఉండేలా పెట్టండి. ఆకు కొసే నులితీగ అవుతుంది కాబట్టి సన్నటి పుల్లలు చాలు, లావు కర్రను పట్టుకోలేదు. దుంప నర్సరీలో కొనండి. రిజర్వు అడవిలో తవ్వితే కేసవుతుంది. మొక్కంతా విషం, దుంప మరీను. పిల్లలుంటే ఆలోచించుకోండి.

అడిగినవారు:
దుంప నాగలిలా వంకరగా ఉంది. ఏ వైపు పైకి?

జవాబు:
ఏదీ కాదండీ, అడ్డంగా పడుకోబెట్టి రెండు మూడు అంగుళాల మట్టి కప్పండి. మొలక కొసన వస్తుంది, ఆ కొస విరిగితే ఆ కొమ్ము ఇక మొలవదు. తీగ ఎండిపోయాక నీళ్లు ఆపేయండి. నిద్రలో ఉన్న దుంప తడికే కుళ్లేది.