నచ్చిన పుస్తకానికి వంట జోడించాలా? మన పఠన బృందంలో తేలని ప్రశ్న

మట్టెవాడ పాఠకురాలు:

హనుమకొండలో నెలకొకసారి కలిసి చదివే మన బృందంలో ఏడాదిగా ఒక అలవాటు నడుస్తోంది. ఆ నెల పుస్తకంలో కనిపించే వంటకాన్నో, దానికి తగినదని తోచిన వంటకాన్నో ఎవరో ఒకరు చేసి తెస్తున్నారు. పోయిన ఆదివారం దీని మీద మాటా మాటా పెరిగింది. తిండి హడావిడిలో పుస్తకం మూలన పడుతోందని, ఇక ఆపేద్దామని కొందరు అన్నారు. ఆపకూడదని నా వాదన. ఆ రోజు సరిగా చెప్పలేకపోయాను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

కాకతీయుల నాటి ఓరుగల్లును చూపే పాత కావ్యం క్రీడాభిరామం చదివిన నెల గుర్తుందా? గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి కలిసి ఒక రోజంతా ఓరుగల్లు వీధులు తిరుగుతారు. అందులో పూటకూళ్ల ఇంటి భోజనం మీద ఒక పద్యం ఉంది. కప్పురభోగి బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నంజుకోవడానికి నాలుగైదు రకాలు, గడ్డపెరుగు. ఇదంతా ఒక్క రూకకు! ఆ పద్యం ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. చదివిన ప్రతిసారీ నోరూరింది, అంతకుమించి ఏమీ తోచలేదు.

వండటానికి పూనుకున్న రోజు మాత్రం పొయ్యి ముందు చేయి ఆగిపోయింది. పప్పు తాలింపులోకి అలవాటు కొద్దీ ఎండుమిరపకాయ తుంచాను. తుంచాక తట్టింది, ఆ కాలపు ఓరుగల్లులో మిరపకాయే లేదు. పోర్చుగీసువాళ్లు ఓడల్లో తెచ్చేదాకా అది ఈ దేశానికే తెలియదు. నేను ఏనుమాముల మార్కెట్‌లో ఎర్రటి మిర్చి రాశులు చూస్తూ పెరిగినదాన్ని. మన చపాట మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు ఇంట్లో పండుగ చేసుకున్నదాన్ని. మిరప లేని ఓరుగల్లు ఉండేదన్న సంగతి నన్ను కుదిపేసింది. తుంచిన కాయ పక్కన పెట్టి మిరియాలు దంచాను. ఆ పప్పు కలుపుకొని తిన్నాక, మంచనశర్మ తిరిగిన ఊరు నేను తిరిగే ఊరు కాదని మొదటిసారి తెలిసింది. నెయ్యి, పెసరపప్పు, గడ్డపెరుగు దగ్గరికి వచ్చేసరికి మళ్లీ మా ఊరే అయింది. ఇది చదవడం కాదంటారా?

సుబేదారి పుస్తకప్రియుడు:

అక్కా, మీ వంటను తప్పు పట్టను. ఆ పప్పు నేనూ తిన్నాను. నా బాధ వేరు. పోయిన నెల కరువు కాలపు నవల చదివాం. ఆకలితో పిల్లవాడు ప్రాణం విడిచే ఘట్టం గురించి ఒకాయన మాట్లాడుతున్నారు, గొంతు కూడా పూడుకుపోయింది. సరిగ్గా అప్పుడే లోపలి నుంచి వేడి గారెలు వచ్చాయి. ఆయన మాట సగంలో ఆపి పళ్లెం అందుకున్నారు. ఆ తర్వాత ఆ పిల్లవాడి దగ్గరికి ఎవరూ తిరిగి రాలేదు. నాకు ఆ రోజే ఈ ఏర్పాటు మీద మనసు విరిగింది.

ఇంకొక మాట. నేను తెచ్చిన పాత కథల సంపుటిలో ఇప్పుడు ఒక నూనె మరక ఉంది. ఒక పుటలో చిన్న చుక్కగా మొదలై తొమ్మిది పుటల లోతుకు దిగింది. ఆ పుస్తకం ఇప్పుడు అచ్చులో లేదు.

పాలకుర్తి తెలుగు సార్:

ఆకలి నవల రోజున గారెలు తేవడం తప్పే. ఆ రోజు గంజి తేవాలి, లేదా ఏమీ తేకూడదు. అంతమాత్రాన వంటను మొత్తంగా వెళ్లగొట్టడం న్యాయం కాదు.

మాది బమ్మెరకు దగ్గరి ఊరు. పోతన భాగవతంలో గోపబాలురు అడవిలో చల్దులు తినే పద్యం పిల్లలకు ఏటా చెబుతాను. కృష్ణుడు మీగడపెరుగు కలిపిన చల్దిముద్దను ఎడమచేతిలో పెట్టుకొని, ఊరగాయలను వేళ్ల సందుల్లో ఇరికించుకుంటాడు. ఎంత విడమరిచి చెప్పినా పిల్లల ముఖాల్లో వెలుగు వచ్చేది కాదు. ఒక ఏడు వాళ్లను ఇంటి నుంచి సద్దన్నం తెచ్చుకోమన్నాను. బడిలో వేపచెట్టు కింద కూర్చోబెట్టి, పోతన చెప్పినట్టే ముద్ద, వేళ్ల మధ్య మామిడికాయ ముక్క పెట్టుకోమన్నాను. ముద్ద జారకుండా వేళ్లు ముడిస్తే ముక్క కింద పడుతుంది. ముక్కను కాపాడుకుంటే ముద్ద చెదిరి పెరుగు మోచేతిదాకా కారుతుంది. పావుగంట తంటాలు పడ్డాక ఒక అమ్మాయి, "సార్, కృష్ణుడు రోజూ ఇట్లాగే తినేవాడేమో, అందుకే పడిపోలేదు" అంది. ఇరవై ఏళ్లుగా ఆ పద్యం చెబుతున్న నాకు ఆ ఆలోచన ఎన్నడూ రాలేదు. పొలం గట్టు మీద అలా తినే పసులకాపరి పిల్లలను పోతన దగ్గరగా చూసి ఉంటాడని అప్పుడు అనిపించింది. దీనికి పైసా ఖర్చు లేదు, రాత్రి మిగిలిన అన్నం చాలు.

కరీంనగర్ కోడలు:

అందరూ వంటకం గురించే మాట్లాడుతున్నారు. వండినవాళ్ల సంగతి ఎవరికీ పట్టలేదు.

సంక్రాంతి నెలలో సకినాలు తెచ్చింది నేను. ముందురోజు బియ్యం నానబోశాను. తెల్లవారి తడిపిండి పట్టించి, నువ్వులు, వాము కలిపి, బట్ట పరిచి ఇరవై మందికి సరిపడా చుట్టాను. చుట్టడానికే మధ్యాహ్నం దాటింది. అవి కాస్త ఆరాక వేయించేసరికి చీకటి పడింది. ఆ నెల నవలలో చివరి అరవై పుటలు నేను చదవలేదు. మరునాడు మీరందరూ ముగింపు మీద వాదించుకుంటుంటే నేను లోపల పళ్లేలు సర్దుతున్నాను. కథ ఎలా ముగిసిందో గోడ అవతలి మాటల్లో విన్నాను. ఏడాదిలో పన్నెండు సార్లు వంటకం వచ్చింది. పదకొండు సార్లు తెచ్చింది ఆడవాళ్లే. సార్, మీ పిల్లల సద్దన్నం కూడా వాళ్ల అమ్మలు వండినదే. అక్కకు పప్పులో పాత ఓరుగల్లు దొరికింది, మంచిదే. సకినాల వల్ల నాకు ఆ నవల దక్కకుండా పోయింది.

కాజీపేట కేకుల అన్న:

చెల్లెమ్మ లెక్క సరైనదే. మిగిలిన ఆ ఒక్కటి నాది. ఫ్రెంచి రచయిత ప్రూస్ట్ నవల 1913లో వచ్చిన మొదటి భాగం నుంచి కొన్ని పుటలు చదివిన రోజది. కథ చెప్పే మనిషి మదలేన్ కేకు ముక్కను టీలో నానబెట్టి నోట్లో పెట్టుకోగానే చిన్ననాటి ఊరంతా కళ్లముందుకు వస్తుంది. గవ్వ ఆకారపు అచ్చు ఇక్కడ దొరకలేదు, గుంతపొంగణాల పెనంలో కాల్చాను. రుచి ఆ దేశంలోలాగా కుదిరిందని చెప్పను. అయినా టీలో ముంచిన తర్వాత, అంతవరకు నోరు విప్పని పెద్దావిడ తన చిన్నప్పటి సద్దుల బతుకమ్మ నాటి నువ్వుల సద్దిని, చెరువుగట్టును తలచుకొని అరగంట మాట్లాడారు. ఉపన్యాసం ఇచ్చి ఉంటే ఆమె మాట్లాడేవారు కాదు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు వండటం ముఖ్యమని నేను అనుకోను. ఈ విషయంలో అక్కతో నాకు పేచీ ఉంది.

మట్టెవాడ పాఠకురాలు:

పేచీ ఉండనీ అన్నా. మిరియాల పప్పును మాత్రం నేను వదులుకోను.

చెల్లీ, నీ మాట చదివి రాత్రి నిద్ర పట్టలేదు. ఆ రోజు ముగింపు మీద గట్టిగా వాదించింది నేనే. నువ్వు లోపల ఉన్నావని గమనించలేదు, క్షమించు. ఇలా చేద్దాం. ఎవరు పుస్తకం ఎంచితే వాళ్లే వండాలి, మగవాళ్లయినా సరే. ఒక్కటే వంటకం. చర్చ పూర్తయి, పుస్తకాలు సంచుల్లో పెట్టుకున్నాకే పళ్లేలు బయటికి రావాలి. పళ్లేలు కడగడం అందరి పని. పుస్తకం తిండిని వద్దంటే ఆ నెల ఏమీ వద్దు. వంటను పూర్తిగా ఆపేయడానికి మాత్రం నేను ఒప్పుకోను.

సుబేదారి పుస్తకప్రియుడు:

పుస్తకాలు సంచుల్లోకి వెళ్లాక అయితే నాకు అభ్యంతరం లేదు. వచ్చే నెల పుస్తకం నాదే, కాబట్టి వంటా నాదే. నేను ఎంచిన కథలో అమ్మమ్మ సర్వపిండి చేస్తుంది. నేను ఇంతవరకు పొయ్యి మీద టీ తప్ప ఏమీ పెట్టలేదు. అది కాలిందని ఎలా తెలుస్తుంది?

కరీంనగర్ కోడలు:

బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, నువ్వులు, పల్లీలు, కారం, ఉప్పు, కరివేపాకు వేసి కలపండి. మందపాటి గిన్నెకు నూనె రాసి లోపల పలచగా తట్టండి. వేలితో అక్కడక్కడా గుంటలు చేసి వాటిలో నూనె పోయండి. మూత పెట్టి, మంట బాగా తగ్గించండి. మొదట చిటపటమంటుంది. ఆ చప్పుడు సన్నగిల్లి, నువ్వులు వేగిన వాసన వచ్చి, అంచులు గిన్నెను వదిలితే కాలినట్టే. ఒక్కొక్కటి కాలేలోపు నాలుగైదు పుటలు చదువుకోవచ్చు, మూత తీసి మాటిమాటికీ చూడకండి. రెండోది తట్టే ముందు గిన్నెను పూర్తిగా చల్లారనివ్వండి. వేడి గిన్నెకు పిండి పట్టదు, చేయీ కాలుతుంది.