తరుగు ఎక్కువ రాయమంటున్నారు, పని మానేయాలా?

అందరికీ వందనాలు. మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. మా ఆయన ఒక రైస్ మిల్లులో కాంటా దగ్గర గుమాస్తా. ధాన్యంలో తేమ 17 శాతం లోపే ఉన్నా బస్తాకు రెండు కిలోలు తరుగు రాయమని ఓనర్ ఒత్తిడి. చిట్టీ చూసి కూడా రైతు నోరెత్తడు, ఆలస్యమైతే ట్రాక్టర్ కిరాయి పెరుగుతుందని భయం.

దొంగత్రాసు దేవునికి హేయమని బైబిల్లో సామెతలు 11:1లో ఉంది కదా, మానేస్తానంటున్నారు. ముందు దేవుని రాజ్యాన్ని, నీతిని వెదికితే కావలసినవన్నీ దొరుకుతాయన్న మత్తయి 6:33 ఆయన ధైర్యం. మా అత్తమ్మేమో 1 తిమోతి 5:8 చూపిస్తున్నది: ఇంటివాళ్లను పోషించనివాడు అవిశ్వాసికన్నా చెడ్డవాడట. దేవుడు పోషిస్తాడని మత్తయి అదే అధ్యాయంలో చెప్పిన ఆకాశపక్షులకు స్కూల్ ఫీజులు లేవు మరి! నాకూ టెన్షనే.

వేరే పని దొరికాక మానేస్తే విశ్వాసం తక్కువైనట్టా? ఇలా పని వదిలినవాళ్లుంటే, మొదటి నెలలు ఎలా గడిచాయో ఉన్నదున్నట్టు చెప్పండి. ప్రార్థన చేయమని మాత్రం రాయకండి, అది చేస్తూనే ఉన్నాం.